వాపస్

వనపర్తి మార్కెట్ యార్డుల
మూటను పొడిచి పిడికెడు పల్లి గుంజే పని నాది.
ఇనుప గొట్టం దిగిన తాన చిల్లి పడ్తది,
గోనె మీద అరచెయ్యి రుద్దితే పూడుకపోతది.
పద్నాలుగేండ్లు.
ఎన్ని చిల్లులో లెక్క పెట్టలే.

ఆ యేడు వానకాలం, రక్సౌల్ దాంక పోయిన లారీ తిరిగొచ్చింది.
సరిహద్దు గేటు కాడ ఇరవై రెండు దినాలు
టార్పాలిన్ కింద పల్లి ఉడికింది,
డ్రైవర్ బుడ్డన్నకు గడ్డం మాసింది.
వాళ్ల కాయితం మీద ఒక్క అంకె: ముప్పై ఒకటి.
మేం పంపిన కాయితం మీద తొమ్మిది.

వాళ్లది అబద్ధమన్నడు సేటు.
మీదే అబద్ధమని బీర్‌గంజ్ నుంచి ఫోనొచ్చింది.
నడుమ నేను.
ఆ తొమ్మిది నా చేతుల్లకెల్లి పోయిందే.
మూట పైపొరల గుంజిన్నా, అడుగుదాంక దించిన్నా?
యాదికి రాదు.
ఎండ ఉండె. ఆకలుండె. ఇంక అరవై మూటలుండె.

బూజు విషం కుప్పంతా సమానంగ ఉండదు.
పదివేల గింజలల్ల నాలుగు చెడ్డయి చాలు,
అవి ఎవరి పిడికిట్లకొస్తే వాళ్లది పెద్ద అంకె.
ఇది చదువుకున్నోళ్లు చెప్పినంక తెలిసింది.
ఉసేనమ్మకు ముందే తెలుసు,
ముప్పై ఏండ్ల సంది గింజలేరే బొటనవేలుకు తెలుసు.

చలికాలంల వచ్చిండ్రు వాళ్లు:
బీర్‌గంజ్ ఆయన, ఖుల్నా నుంచి ఒకామె, క్యాండీ నుంచి ఒకామె,
పారో నుంచి మాట తక్కువ పిల్లగాడు.
మొదటి దినమంతా శాలువాలు, చాయ్,
ఎవరి యంత్రం ఎంత ఖరీదో.
రెండో దినం కరెంటు పోయింది.

అప్పుడు షెడ్డుల పట్టా పరిచి
ఒక్క మూట కుమ్మరించినం.
కుప్ప చేసి, పలకతో నాలుగు పాలు కోసి,
ఎదురెదురు పాలు పక్కకు దీసి,
మిగిలింది కలిపి, మళ్ల కుప్ప, మళ్ల నాలుగు పాలు.
కల్లం కాడ అన్నదమ్ములు పంచుకున్నట్టే,
కాని ఎవ్వరూ పెద్ద పాలు అడగలే.
పిండి చేసి ఐదు పొట్లాలు కట్టినం.
ఎవరి పొట్లం వాళ్లు పట్టుకపోయిండ్రు.

నెలకు అంకెలొచ్చినయి.
పదకొండు. పన్నెండు. పదకొండు. పద్నాలుగు.
మాది పన్నెండు.
సేటు రెండు సార్లు చదివి అద్దాలు తీసిండు.
ఎవ్వరూ అబద్ధం చెప్పలే అప్పుడు కూడ,
వేరే వేరే పిడికిళ్లతోని కొట్లాడినం, అంతే.

ఇక్కడ్నే ఆపుదునేమో ఈ ముచ్చట.
కాని ఆ పాలు పంచే దినమే ఉసేనమ్మ
చేటల చెత్తపల్లి పెట్టుకొని అడిగింది:
"వాళ్లు వద్దన్న పల్లి ఏడికి పోతది బిడ్డా?"

హిందీల చెప్పనీకె నాకు నోరు రాలే.
ఏడికి పోతదో ఆ షెడ్డుల అందరికీ ఎరుకే.
పెబ్బేరు తొవ్వల గానుగకు పోతది.
చెక్క బర్రె ముందల పడ్తది,
బర్రె పాలు బడిపిల్లల గిలాసలకొస్తయి.
పొద్దుగాల నా బిడ్డ జొన్నరొట్టె మీద
చల్లుకున్న పల్లిపొడి ఎవరు వద్దన్నదో.

ఖుల్నా ఆమె పేరు రొక్సానా.
ఆమె చేటల చెయ్యి పెట్టి ఒక గింజ వాసన చూసి
"మా దిక్కు కూడ గింతే" అన్నట్టు తలూపింది.
బీర్‌గంజ్ ఆయన కిందికి చూసిండు.

వాపసొచ్చిన లారీలకెల్లి నలభై మూటలు
గుంతల పోసి సున్నం జల్లినం.
మిగిలినయి ఒక్క రాత్రిల మాయమైనయి.
కావలోడు నిద్రపోయిన్నన్నడు.

ఇప్పుడు మా రిజిస్టర్ల కొత్త గడి ఉంది:
వద్దన్నది ఏమైంది?
ఐదు దేశాల రిజిస్టర్లల్ల అదే గడి.
శానా మట్టుకు ఖాళీ.
కాని మొన్న మంగళారం ఖుల్నా నుంచి మెసేజ్:
"ఇక్కడ ఆపిన లోడ్ ఒకటి మీ దిక్కే తిరిగింది,
నలభై రెండు ఉంది, చూస్కో అన్నా."

నేను ఒక్కో మూటకు మూడు చిల్లులు పొడుస్తున్న.
హమాలీలు తిడ్తున్నరు.
గొట్టం అడుగుదాంక పోతున్నది.